కొర్రమట్టపై కురుమూర్తి దండయాత్ర

ఉత్తరాన కృష్ణమ్మ, దక్షిణాన తుంగభద్ర చెరొక చెయ్యి చాచి పసిబిడ్డను ఒడిలోకి తీసుకున్నట్టు పొదివి పట్టుకున్న నడిగడ్డ సీమలో, కోటబురుజుల నీడ పడే సందుల్లో కోడి కంటే ముందు మగ్గం మీది నాడె మేల్కొనే గద్వాల మహాపట్టణంలో, మాఘమాసపు మంచు పొలాల మీద నుంచి లేచి వెళ్లడానికి ఇంకా బద్ధకిస్తున్న ఒకానొక ఆదివారం ఉదయాన, సెల్‌ఫోను గడియారం ఏడున్నర చూపుతున్న శుభముహూర్తంలో, పడుగుపేకల ప్రభువూ, పట్టంచుల చక్రవర్తీ, నలభై ఆరేళ్ల ప్రాయంలోనూ నాడె విసిరితే గాలి పక్కకు తప్పుకునేంతటి భుజబలశాలీ అయిన కురుమూర్తి అనే చేనేత వీరుడు, అత్తగారి ఆకలి నిమిత్తం, ఆయుధపాణియై యుద్ధానికి బయలుదేరాడు.

ఓ శ్రోతలారా, బస్సు కోసం నిలబడ్డవారు నిలబడే వినండి, కూర్చున్నవారు కాళ్లు ముడుచుకుని వినండి. ఈ గాథలో ఏనుగులు లేవు, స్వర్ణరథాలు లేవు. ఒక పాత మోపెడ్ ఉంది, పదకొండు బర్రెలు ఉన్నాయి, నేరేడుపండు రంగు రబ్బరు వానపాములు ఎనిమిది ఉన్నాయి. వాటితోనే మనం సర్దుకోవాలి.

యుద్ధానికి మూలం నాలుగు మెతుకులు. కురుమూర్తి అత్తగారు జములమ్మ డెబ్బై ఏళ్ల మనిషి, అయిజలో కొడుకు శివకుమార్ దగ్గర ఉంటుంది. మూడు వారాల కిందట ఆమెను విషజ్వరమనే రాక్షసుడు పట్టుకున్నాడు. శివకుమార్ తల్లిని గద్వాల దవాఖానకు తెచ్చాడు. వైద్యులు సూదులతోనూ సీసాలతోనూ ఆ రాక్షసుణ్ని తరిమికొట్టారు. తరిమిన తరువాత ఆమె కోలుకోవడానికి కూతురు అనంతమ్మ ఇంట్లో, మగ్గం గది పక్కన మంచం వేసుకుని పడుకుంది. జ్వరం పోయింది. కానీ ఓడిన సైన్యం పారిపోతూ పారిపోతూ ఊరును దోచుకున్నట్టు, ఆ జ్వరం పోతూ పోతూ జములమ్మ నోట్లోని రుచిని మూటగట్టుకుని పోయింది. జావ ఇస్తే మట్టి అన్నది. పప్పుచారు పోస్తే మట్టి అన్నది. మామిడికాయ పచ్చడి నాలుక మీద రాస్తే కాసేపు ఆలోచించి, అదీ మట్టేనన్నది. తొమ్మిది రోజుల్లో ఆమె తిన్న అన్నమంతా కలిపి ఒక్క దోసిట్లో పట్టేది.

పదో రోజు పొద్దున ఆమె కళ్లు తెరిచి, పైకప్పు వైపు చూస్తూ, తన చివరి కోరికను ప్రకటిస్తున్న మహారాణిలా పలికింది.

"కొర్రమట్ట పులుసైతే జర తింటనేమో. గానీ తొట్లల్ల పెంచింది వద్దు. మందలు మందలు పెంచి దాణా ఏస్తరు దానికి. కుంటల తిరిగింది గావాలె."

శివకుమార్‌కు అయిజలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. గాలం వేయడం అతని వ్యసనం. తల్లి మాట విని ముందు అంగడికి పరుగెత్తి మోచేతి పొడవు కొర్రమట్ట చేపను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. జములమ్మ ఒక్కసారి వాసన చూసి గోడ వైపు తిరిగింది. "దాణా తిన్నది" అన్నది. ఆ తరువాత అతడు గాలం కర్ర తీసుకుని, డబ్బా నిండా వానపాములు నింపుకుని, గట్టు ఊరికి పోయే దారిలో తిమ్మప్ప అనే రైతు పొలంలో ఉన్న కుంట మీదికి దండెత్తాడు. మధ్యాహ్నానికి తిరిగివచ్చాడు. డబ్బా ఖాళీ, సంచీ ఖాళీ.

"బావా, ఆ కుంటల ఒకటుంది" అన్నాడు బావ కురుమూర్తితో, నీళ్ల చెంబు ఎత్తుకుంటూ. "ఇంత తలకాయ. నా ఎర్రలన్నీ తిన్నది. తిని, పైకొచ్చి, నన్ను సూసి బుడుంగుమన్నది. అది నవ్వే. నాకు తెల్వదా నవ్వుడు?"

ఆ మాట మగ్గం గుంటలో కూర్చున్న కురుమూర్తి చెవిన పడింది. పడగానే, ఎండాకాలపు గడ్డివాములో నిప్పురవ్వ పడ్డట్టు, అతని రోమరోమమూ భగ్గుమంది. ఇంటి అల్లుడు బతికి ఉండగా, నిలువెత్తు మనిషై ఉండగా, అత్తగారు మట్టి మట్టి అంటూ గోడ వైపు తిరిగి పడుకోవడమా? బురదలో పుట్టి బురదలో పెరిగిన ఒక జలచరం తన బామ్మర్దిని చూసి నవ్వడమా? మగ్గం రాటను అరచేత్తో గుద్ది, పైకప్పు మీది పావురాలు లేచిపోయేంత గొంతుతో ప్రతిజ్ఞ చేశాడు.

"అత్తా, నేను తెస్త! రేపు పొద్దు గూకేలోపట కొర్రమట్టను నీ గిన్నెల ఏస్త. ఏయకపోతే నేను కురుమూర్తినే గాదు పో!"

మంచం మీద జములమ్మ దుప్పటి తలమీదికి లాక్కుంది. శివకుమార్ మాత్రం నీళ్లు పొలమారేదాకా నవ్వాడు. అనంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకంటే, ఓ శ్రోతలారా, నాగుపామును కట్టెతో తోసి అవతల పారేయగల ఆ వీరాధివీరునికి, అర్ధరాత్రి శ్మశానం మీదుగా సైకిలు తొక్కుకు రాగల ఆ ధీరునికి, వానపామంటే పడదు. పోయిన వానాకాలం స్నానాల గదిలో ఒక వానపాము కనబడితే, బోర్లించిన బకెట్టు మీదికి ఎక్కి నిలబడి, ఒంటి నిండా సబ్బుతో, భార్య వచ్చేదాకా కేకలు వేసినవాడు అతడే. గాలం వేయాలంటే ఎర్రను ముట్టాలి, ముట్టి ముల్లుకు గుచ్చాలి. 

"ఎర్రను నేను గుచ్చి పంపాల్నా బావా, డబ్బీల పెట్టి?" అన్నాడు శివకుమార్. అని, తనకే జాలి కలిగిందో ఏమో, సంచి అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ పొట్లం తీసి అతని ఒళ్లో వేశాడు. "ఇగో, ఇవి తీస్కపో. రబ్బరువి. ఫోన్ల సూసి తెప్పిచ్చిన. పదిసార్లు ఇసిరిన, ఒక్క చేప మొహం గూడ సూడలే."

కురుమూర్తి పొట్లం విప్పాడు. లోపల ఎనిమిది రబ్బరు పుల్లలు, బెత్తెడు కంటే కొంచెం పెద్దవి, నేరేడు రంగువి, ఒంటి నిండా వెండి రజను. రెండు కొసలూ సన్నగా, నడుము లావుగా. పొట్లంలోంచి సోంపు వాసన వచ్చింది. ఒకదాన్ని వేలితో ముట్టాడు. మెత్తగా ఉంది, చల్లగా ఉంది, కానీ కదలలేదు. అతని ముఖం చంద్రబింబమైంది. బతికి లేని వానపాము! కదలిక లేని, ప్రాణం లేని, బురద లేని వానపాము! దేవతలు తన కోసమే కిందికి దించిన దివ్యాస్త్రం!

"ఎట్ల ఎయ్యాలె?" అన్నాడు.

శివకుమార్ పొట్లం వెనక ఉన్న చీమంత అక్షరాలను ఫోను వెలుతురులో చదివాడు. "ముల్లు మొన బయటికి కనవడొద్దంట, రబ్బర్ల దాచిపెట్టాలె. అట్లైతే నాచుకు తట్టుకోదు. నీళ్లల్ల ఎయ్యాలె. ఏసినంక ఏం చెయ్యొద్దంట."

"ఏం చెయ్యొద్దంటే?"

"ఏం చెయ్యొద్దంటే ఏం చెయ్యొద్దు. గుంజొద్దు, కదిలియ్యొద్దు. ఇరవై లెక్కవెట్టాలె. అది మెల్లగ అదురుకుంట కిందికి పోతదంట. చేపకు నోరూరుతదంట."

"ఇంతేనా?" అన్నాడు కురుమూర్తి. "ఊకె కూసునుడు గూడ ఒక పనేనా?"

ఆ ఒక్క మాట అన్నందుకు మరుసటి రోజు అతడు పడిన పాట్లను ఇప్పుడు చెబుతాను.

ఆదివారం ఉదయం శివకుమార్ తల్లి దగ్గర కూర్చున్నాడు. అనంతమ్మ టిఫిన్ డబ్బా చేతబట్టుకుని, "నేనొస్త. నువ్వొక్కనివే పోతే కుంటల వడ్తవ్" అని మోపెడ్ వెనక ఒక పక్కకు కూర్చుంది. గాలం కర్రను ఆమె నిటారుగా పట్టుకుంది. గద్వాల దాటి గట్టు దారి పట్టిన ఆ ఏకచోదిత ద్విచక్ర మహారథం, ధ్వజస్తంభంలాంటి గాలం కర్రతో, శంఖనాదంలాంటి బొంయ్ బొంయ్ హారనుతో, ఆరబోసిన మిరపకాయలు నేలంతా నెత్తురు చిందినట్టు ఎర్రగా పరుచుకున్న కళ్లాల పక్కగా, పత్తి ఏరిన చేల నడుమగా, గంటకు ఇరవై ఐదు కిలోమీటర్ల ప్రచండవేగంతో సాగిపోయింది. ఎదురొచ్చిన ఒక గొర్రెలమంద భయపడి దారి ఇచ్చింది. నిజం చెప్పాలంటే, మందే ముందు వెళ్లింది, రథం ఆగింది.

కుంట గట్టు మీద తిమ్మప్ప ఎదురుపడ్డాడు. తలకు తువాలు చుట్టిన ముసలి రైతు, సరిహద్దు అవతలి కన్నడం సగం కలిసిన భాష. సంగతంతా విని గడ్డం గోక్కున్నాడు.

"నోడప్పా, పట్టుకో, నాదేం లేదు. గానీ పన్నెండు గొట్టంగ నా బర్లు నీళ్లల్ల దిగుతయి. పదకొండున్నయి. అవి దిగినంక మీను లేదు, నీళ్లు లేవు, అంత బురదనే. నిన్న మీ బామ్మర్దికి గూడ గిదే చెప్పిన."

ఆ విధంగా యుద్ధకాలం నిర్ణయమైంది. కురుమూర్తి కుంటను పరికించాడు. ఎకరం కూడా లేని ఆ జలదుర్గానికి మూడు వైపులా తుంగ కోటగోడలా లేచి నిలిచింది. నీటి మీద పచ్చని నాచు పట్టుతివాచీలా పరుచుకుంది. నాచు నడుమ అక్కడక్కడ అరచేయంత వెడల్పున నల్లని నీటి కిటికీలు. అంతలో ఒక కిటికీలోంచి, గాలి పీల్చుకోవడానికి, పాము తలలాంటి ఒక తల లేచింది. పెద్దది. నల్లనిది. అది శైవాలదుర్గాధీశుడు, పంకసింహాసనారూఢుడు, శివకుమారగర్వభంజనుడు అయిన కొర్రమట్ట. బుడుంగుమని గాలి మింగి మునిగింది. వలయాలు ఒడ్డుకు వచ్చి కురుమూర్తి చెప్పులను తాకాయి.

"సూసినవా?" అన్నాడు భార్యతో.

"సూసిన. నోరు మూస్కొని ఎయ్యి."

అతడు రబ్బరు వానపామును ముల్లుకు ఎక్కించాడు. మొనను దాని పొట్టలోనే దాచాడు. మణికట్టు ఒక్కసారి ఆడించాడు. ఆహా, ఆ విసురు! పడుగు పోగుల సందులోంచి నాడెను పంపడంలో ఇరవై ఏడేళ్లు ఆరితేరిన ఆ హస్తం, నూలుపోగంత తప్పు లేకుండా, రెండు తుంగ దుబ్బుల మధ్యగా, ఆ అరచేయంత నీటి కిటికీ నట్టనడుమ రబ్బరు అస్త్రాన్ని దించింది. నీటిమీద చినుకంత చప్పుడు కూడా కాలేదు. గట్టు మీద కూర్చున్న తిమ్మప్ప బీడీ వెలిగించడం మరిచిపోయాడు.

"ఒకటి" అన్నాడు కురుమూర్తి గుసగుసగా. వానపాము రెండు కొసలూ సన్నగా అదురుతూ నీటిలోకి దిగింది. "రెండు. మూడు." నాచు కింద ఏదో నీడ కదిలింది. "నాలుగు."

అప్పుడు అతని కుడిచేయి, ఎవరూ ఆజ్ఞాపించకుండానే, మగ్గం మీద నాడె విసిరినట్టు టక్కున ఎగిరింది. రబ్బరు వానపాము నీటిలోంచి గాలిలోకి లేచింది. అది ఉన్నచోట ఒక పెద్ద నోరు తెరుచుకుని ఖాళీ నీటిని కొరికి మూసుకుంది. బుడుంగు!

రెండోసారి ఆరు దాకా లెక్కపెట్టాడు. చేయి ఎగిరింది. మూడోసారి మూడుకే ఎగిరింది. నాలుగోసారి, దృఢసంకల్పంతో పళ్లు బిగబట్టి, మెడనరాలు తేలేలా తొమ్మిది దాకా వచ్చాడు. తొమ్మిది దగ్గర చేయి ఎంత బలంగా ఎగిరిందంటే, వానపాము వెనక్కి వచ్చి తుమ్మచెట్టు కొమ్మకు చుట్టుకుంది. దాన్ని విడిపించలేక దారం కోశాడు. మరో మూడింటిని నాచు మింగింది. ఇంకొకదాన్ని ఆ జలదుర్గాధీశుడే సగానికి కొరికి, మిగతా సగాన్ని వెనక్కి పంపాడు.

ఎండ భుజాల మీదికి ఎక్కింది. కురుమూర్తి తన కుడిచేతిని ముఖానికి ఎదురుగా ఎత్తిపట్టుకుని, సేనాధిపతి ద్రోహి అయిన సైనికుణ్ని చూసినట్టు చూశాడు. తన అంతరంగంలో ఇలా మేఘగర్జనం చేశాడు:

"ఓరీ దక్షిణహస్తమా! ఇరువది యేడు వత్సరములు నిన్ను నూనె రాసి పోషించితిని, నిన్ను నమ్మి సంసారమును నడిపితిని, నీవు చూపిన నైపుణ్యమునకు నలుగురిలో తల యెత్తుకొని తిరిగితిని. నేడు ఒక్క గడియ ఊరకుండుమని వేడుకొనగా, నా యత్తగారి యన్నపు ముద్దకు అడ్డము వచ్చెదవా? నీవు నా చేతివా, ఆ మత్స్యాధముని చారుడవా?"

పైకి మాత్రం, "థూ, దీని పాడుగాను" అన్నాడు.

చేయి జవాబుగా మరొకసారి ఎగిరింది.

పదకొండు దాటాక ఫోను మోగింది. అనంతమ్మ ఎత్తింది. అవతల శివకుమార్ మాటల్లో నవ్వు లేదు. తల్లికి పొద్దున చాయ్ ఇస్తే అది కూడా వద్దన్నదట. ఊరికే కళ్లు మూసుకుని పడుకుందట. "బావ ఏమన్న పట్టిండా అక్కా?" అని అడిగాడు. అనంతమ్మ "పట్టిండు, పడ్తుండు" అని ఏదో ఒకటి చెప్పి పెట్టేసింది. ఫోనును కొంగున ముడివేసుకుని నీళ్ల వైపు తిరిగింది.

"రాత్రి అమ్మ నా చెయ్యి పట్టుకున్నది" అన్నది. "పట్టుకున్నట్టే లేదయ్యా. కోడి ఈక పెట్టినట్టుంది. నాకు భయమైంది."

కురుమూర్తి వీరరసం ఆ మాటతో ఒక్క క్షణం ఎండిపోయింది. పొట్లంలోకి చూశాడు. రెండు మిగిలాయి.

"నువ్వు మంచిగనే ఇసురుతున్నవ్" అన్నది అనంతమ్మ. "గానీ నీ చెయ్యి మగ్గం మీదనే ఉంది. నాడె ఇసిరినంక నువ్వెప్పుడన్న ఆగినవా? నాకు తెల్వదా, నీ పక్కనే కూసుంటగద నేను. ఒక పోగు పోంగనే ఇంకో పోగు. దానికి గదే అలవాటు."

"మరేం జెయ్యమంటవ్? నరుక్కోమంటవా?"

"తువాలుతోని నడుముకు కట్టేస్త."

"కట్టేస్తవా?" కురుమూర్తి ఛాతీ పొంగింది. "దొంగనా నేను? అవతల తిమ్మప్ప సూస్తుండు. చేతులు కట్టేసుకొని యుద్ధం చేసేటోడు ఎవడన్న ఉంటడా?"

అనంతమ్మ లేచి వచ్చి, అతని కుడిపక్కన గట్టు మీద చతికిలబడింది. "ఎయ్యి" అన్నది. అతడు విసిరాడు. వానపాము కిటికీలో దిగీ దిగక ముందే ఆమె గాలం కర్రను అతని ఎడమచేతిలోకి మార్చి, ఆ కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఒళ్లో ఉంచుకుంది.

శ్రోతలారా, ఇక్కడ కొంచెం ఆగుదాం. పెళ్లై ఇరవై నాలుగేళ్లు. మగ్గం గుంటలో పక్కపక్కన కూర్చుని, అతడు విసిరింది ఆమె అందుకుని, ఆమె విసిరింది అతడు అందుకుని, ఎన్ని చీరలు నేశారో వాళ్లకే లెక్క లేదు. అయినా పట్టపగలు, ఆరుబయట, పరాయి మనిషి చూస్తుండగా, ఆమె అతని చేయి పట్టుకోవడం అదే మొదలు. కురుమూర్తి చెవులు తిమ్మప్ప బీడీ కొసలా ఎర్రబడ్డాయి.

"సూస్తుండే..." అన్నాడు.

"సూడనీ. లెక్కవెట్టు."

"ఒకటి. రెండు."

మూడు దగ్గర చేయి అదిరింది. ఆమె గట్టిగా పట్టింది. నాలుగు. ఐదు. ఆరు దగ్గర చేయి నాడెను వెతుక్కుంటూ మళ్లీ ఎగరబోయింది, ఆమె బొటనవేలితో దాని మీద మెల్లగా రాసింది. అది పిల్లిలా ముడుచుకుంది. అక్కడి నుంచి ముల్లోకాలూ ఏకమై ఆ దంపతుల మీద పడ్డాయి. ఎనిమిది దగ్గర ఒక గండుచీమ కురుమూర్తి మడమెక్కి, పిక్క మీదుగా ఊర్ధ్వలోకాలకు ప్రయాణం సాగించింది. పది దగ్గర ఒక జోరీగ అతని ముక్కుకొన మీద దిగి, కాళ్లు తుడుచుకుంది. పదకొండు దగ్గర ముక్కు లోపల తుమ్ము పుట్టింది, పెరిగింది, యవ్వనానికి వచ్చింది. కళ్ల నుంచి నీళ్లు కారాయి. ఆ వీరుడు ఆ తుమ్మును, సముద్రాన్ని పుక్కిట పట్టినట్టు పట్టి, మెల్లగా కడుపులోకి దించాడు. పన్నెండు. పదమూడు. అప్పుడు వెనక నుంచి గంటలు వినిపించాయి. మట్టి దారి మీద దుమ్ము లేచింది. పదకొండు మహిషాల సేన, కొమ్ములు ఊపుతూ, నీళ్ల వాసనకు తోకలెత్తి, కుంట వైపు కదిలి వస్తోంది.

"ఓ, నా బర్లొచ్చినయి! బ్యాడ, వద్దు, ఇంక తీసెయ్యి!" అని తిమ్మప్ప అరిచాడు.

"పద్నాలుగు" అన్నాడు కురుమూర్తి. "పదిహేను."

నీటి మీద తేలుతున్న దారం, గాలి లేకుండానే, వేలెడు పక్కకు జరిగింది.

"ఇంక గాలే" అన్నది అనంతమ్మ ఊపిరి బిగబట్టి. "ఇంక గాలే, ఆగు."

పదహారు. దారం నిలబడింది. పదిహేడు. ముందటి బర్రె ముట్టె వాళ్ల తలల పక్కగా వచ్చి, అనంతమ్మ చెవిలో వేడిగా ఊపిరి వదిలింది. ఆమె కదలలేదు. పద్దెనిమిది. దారం తుంగ వైపు సాగింది. పంతొమ్మిది. ఆ ఒక్క అంకె ఒక యుగమంత పొడవుగా సాగింది.

"ఇరవై!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

ఇరవై నాలుగేళ్లుగా ఒకే పోగును రెండు వైపుల నుంచి బిగించిన ఆ నాలుగు చేతులూ ఒక్కసారిగా గాలం కర్రను వెనక్కి లాగాయి. కర్ర విల్లులా వంగింది. నీళ్లు పగిలాయి. నాచు గోడ చిరిగింది. కర్రకున్న దారం రీలు ఎటు తిప్పాలో ఆ క్షణాన కురుమూర్తికి గుర్తు రాలేదు. కాబట్టి యుద్ధశాస్త్రంలో లేని ఒక కొత్త వ్యూహాన్ని అక్కడికక్కడే కనిపెట్టి, కర్రను నాగలిలా భుజాన వేసుకుని, కుంటకు వీపు చూపించి, గట్టు మీదికి పరుగు లంఘించుకున్నాడు. మహిషసేన రెండుగా చీలింది. వెనక అనంతమ్మ "మెల్లగ, మెల్లగ, తెగుతది!" అని కేకలు వేస్తూ పరుగెత్తింది. నీటిలోంచి ఒక నల్లని మెరుపు లేచి, గాలిలో గిరికీలు కొట్టి, ముల్లు ఊడిపోయి, బర్రెల కాళ్ల మధ్య బురదలో పడింది.

కొర్రమట్ట నేల మీద పడితే ప్రాణం పోదు, పరువు కోసం పాకుతుంది. ఇదీ నీటి వైపు పాకింది. ఒక గిట్ట దాని మీద పడబోయింది. కురుమూర్తి ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఆగేవాడు. తెల్ల చొక్కాతో సహా బోర్లా పడి, ఛాతీ కింద దాన్ని అదిమి, రెండు చేతులతో ఆ జిగట జిగట, మెలికలు తిరిగే, బురద కక్కే, చల్లని ఒంటిని పట్టుకున్నాడు. అది జారింది, మళ్లీ పట్టుకున్నాడు. చంకలోకి దూరింది, చంకను బిగించాడు. చొక్కా లోపలికి పోయింది. అప్పుడు అతడు పెట్టిన కేక గట్టు ఊరిదాకా వినిపించిందని తిమ్మప్ప తరువాత చాలామందికి చెప్పాడు. చివరికి అనంతమ్మ చొక్కా గుండీల సందులోంచి చేయి పెట్టి దాని మొప్పలు దొరకబుచ్చుకుని బయటికి లాగింది.

ముగ్గురూ చుట్టూ నిలబడి చూశారు. ఆ చేప జానెడు ఉంది. తోకను సాగదీస్తే జానెడు మీద రెండు వేళ్లు.

అదే సమయంలో, కుంట అవతలి కొసన, ఇంకా బర్రెలు చేరని చోట, పెద్ద తల ఒకటి లేచి బుడుంగుమని గాలి మింగి మునిగింది.

"ఇదా?" అన్నాడు తిమ్మప్ప. "దీనికేనా పొద్దుగాల్నుంచి?"

కురుమూర్తి ముఖం చిన్నబోయింది. తల నుంచి కాళ్ల దాకా బురద, చొక్కాకు రెండు గుండీలు లేవు. అనంతమ్మ మాత్రం చేపను టిఫిన్ డబ్బాలో పెట్టి, మూత బిగించి, మీద రాయి పెట్టి, డబ్బాను రెండు చేతులతో పట్టుకుంది.

"మా అమ్మ పులుసు తాగుతనన్నది. ఏనుగును తినదు గద" అన్నది. "నడువ్, బండి తియ్యి."

ఒంటిగంటకు ఇల్లు చేరారు. శివకుమార్ మూత తీసి చూసి, నవ్వడానికి నోరు తెరిచాడు. అక్క ముఖం చూసి మూసుకున్నాడు. బూడిద వేసి రుద్ది జిగట పోగొట్టే పని అతనికే పడింది. అనంతమ్మ చింతపండు పిసికింది. ఉల్లిగడ్డ కాల్చి నూరింది. మెంతులు, వెల్లిపాయ, ఎండుమిరప వేగుతుంటే ఆ వాసన మగ్గం గదిలోకి, సగం నేసి ఆపేసిన చీర మీదుగా, మంచం దాకా పోయింది. కురుమూర్తి స్నానం చేసి, తడి తలతోనే వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. అతని గుండె కుంట దగ్గర కంటే ఇప్పుడే గట్టిగా కొట్టుకుంటోంది. అక్కడ శత్రువు కనబడింది. ఇక్కడ కనబడేది కళ్లు మూసుకున్న ముసలి ముఖమొకటే.

శివకుమార్ తల్లిని లేపి, వీపుకు దిండు పెట్టి కూర్చోబెట్టాడు. అనంతమ్మ మెత్తగా వండిన అన్నంలో పులుసు పోసి, ముళ్లు లేకుండా చేప ముక్కను విరిచి, కలిపి, నోటికి అందించింది. జములమ్మ నోరు తెరిచింది. నమిలింది. ఆ ముసలి దవడలు ఒకసారి అటు, ఒకసారి ఇటు కదులుతుంటే, ముగ్గురూ ఊపిరి తీయలేదు. మింగింది. రెండో ముద్ద. మింగింది. మూడో ముద్ద నోట్లో పెట్టుకుని హఠాత్తుగా ఆగిపోయింది. నుదురు ముడుచుకుంది. నాలుకను పై అంగిలికి ఆనించి, ఏదో పోగొట్టుకున్నదాన్ని వెతుకుతున్నట్టు చప్పరించింది.

"మళ్లా మట్టేనా అమ్మా?" అన్నది అనంతమ్మ.

"మట్టి ఏంది, మట్టి?" అన్నది జములమ్మ చిరాగ్గా. "ఉప్పు తక్కువైంది."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"చెవుడా మీకు? ఉప్పు తక్కువైంది అంటున్న. ఇంత మంచి చేపను పాడు చేసినవ్ గదనే! ఎన్నేండ్లొచ్చినా నీకు ఉప్పు ఎయ్యనీకె రాదు."

అనంతమ్మ తల్లి భుజం మీద తలపెట్టి భోరుమన్నది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. శివకుమార్ ఉప్పు కోసం వంటింట్లోకి ఎంత వేగంగా పరుగెత్తాడంటే గుమ్మం తగిలి బోర్లా పడ్డాడు. కురుమూర్తి గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి, నేల మీద కూర్చుండిపోయాడు. అతని కుడిచేయి మోకాలి మీద కదలకుండా పడి ఉంది.

కాబట్టి ఓ నడిగడ్డ జనులారా, గద్వాల వాసులారా, గట్టు గోపాల్‌పేటల దాకా ఈ మాట తీసుకుపోయే బాటసారులారా, ఇందుమూలముగా ప్రకటించడమైనది: మాఘమాసంలో, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు, జానెడు మీద రెండు వేళ్ల పొడవున్న మత్స్యాన్ని సంహరించి, పది రోజులుగా కనిపించకుండా పోయిన రుచిని జములమ్మ నాలుక మీద పునఃప్రతిష్ఠించి, చేనేత వీరుడు కురుమూర్తి తన భార్య అనంతమ్మా సమేతుడై, చిటికెడు ఉప్పంత విజయం సాధించాడు. ఆ చిటికెడు కూడా శివకుమార్ ఒక్కసారిగా ఎక్కువ వేయడంతో, నాలుగో ముద్దకు జములమ్మ మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది, తిడుతూనే గిన్నె ఖాళీ చేసింది.